వేచియుండిన వేగచోదకుడు – నార్మన్ స్మిత్

అది 1932 వ సంవత్సరము, జనవరి మాసము. న్యూజిలాండు దేశపు ఉత్తరకొనయందు తొంబదిమైళ్ల తీరమని పేరుపొందిన ఒక సముద్రపుటొడ్డు కలదు. ఆ యొడ్డున ఒక మోటారుబండి పరుగునకు సిద్ధముగా నుండెను. దాని యింజను విమానములకై చేయబడినది. వెయ్యి అశ్వశక్తికి మించిన బలము గలది. ఆ బండిని నడుపవలసినవాడు నార్మన్ స్మిత్ అను ఆస్ట్రేలియా దేశీయుడు. ప్రపంచమునందు నేలపై ఎవ్వరును పోనంత వేగముతో పోవలెనని అతడు అచ్చటికి వచ్చియుండెను. కాని అతడు పోవుట లేదు. ఇసుక తగినట్లు లేదనియు, వాతావరణము అనుకూలింపలేదనియు చెప్పి ఆగుచుండెను. వార్తకై కాచుకొనియున్న పత్రికలకు విసుగు కలిగెను. ధనమిచ్చినవారికి ఓపిక నశించుచుండెను. తుదకు పిరికివాడను మాట కూడ అతని మీద పడెను.

వేగమునకు పేరుపొందిన మనుజుడు ఆగినందుకు నిందపడుట విచిత్రమైన విషయము. అతడు నిజముగా పిరికివాడా, లేక అతనిని నిందించినవారికంటె ఎక్కువ తెలిసినవాడా? ఈ ప్రశ్నను మనస్సునందుంచుకొని అతని జీవితమును మనము కొంత పరిశీలింతము.

నార్మన్ లెస్లీ స్మిత్ 1890 లో న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రమునందలి రిచ్మండ్ అను ఊరిలో జన్మించెను. అతడు పుట్టిననాటికి ఆ దేశమున పెట్రోలుతో నడచు బండి ఒక్కటియు లేదు. అతడు యువకుడగునప్పటికి మోటారుబండి ధనవంతుల వేడుకగా నగరములలో కనబడసాగెను. మధ్యవయస్కుడగునప్పటికి అది ఆ విశాలఖండమున నిత్యావసరమైపోయెను. ఈ మార్పుతోపాటే అతని జీవితము నడచినది. ప్రజలు అతనికి 'విజార్డ్' అను బిరుదు నిచ్చిరి. మాంత్రికుడని దాని యర్థము.

ఐరోపాలో మోటారు పందెములు పుట్టిన తీరు వేరు, ఆస్ట్రేలియాలో పుట్టిన తీరు వేరు. ఐరోపాలో బండికి బండితో పోటీ. ఆస్ట్రేలియాలో బండికి ముందుగా దారితోనే పోటీ. 1905 లో సిడ్నీనుండి మెల్‌బోర్నుకు ఒక పోటీ ప్రయాణము జరిగెను. దానిని మన్నిక పరీక్ష అనిరి గాని పందెమనలేదు. బండి తుదివరకు చేరునా చేరదా అనునదే నాటి ప్రశ్న. ఆ రెండు నగరములకు నడుమ ఐదువందల మైళ్లకు మించిన దూరము కలదు. నాటి బాటలు చాలవరకు మట్టిబాటలు. వాన కురిసిన బురద, కురియకున్న ధూళి. వంతెనలు లేని వాగులను నీటిలో దిగియే దాటవలసి యుండెను. రాత్రివేళ కంగారు మృగములు దీపపు వెలుగునకు అడ్డువచ్చును.

మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట, ఈ నగరమునుండి ఆ నగరమునకు ఎవరు తక్కువ గంటలలో చేరుదురు అనునది ప్రజలకు గొప్ప వినోదమయ్యెను. బండ్లమ్మువారికి అది గొప్ప ప్రకటన. నిన్న రికార్డు నెలకొల్పిన బండి వంటిదే నేడు అంగడిలో కొనువారికి దొరకును. స్మిత్ పేరు దేశమంతట మ్రోగినది ఈ రంగముననే. ఎసెక్స్ వంటి అమెరికా కార్లను నడుపుచు, సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరముల నడుమ అతడు పెక్కు రికార్డులను స్థాపించెను. ఒకరు అతని సమయమును తగ్గించిన, మరల అతడు వారి సమయమును తగ్గించెడివాడు.

ఇట్టి దూరప్రయాణములలో కేవలము వేగము చాలదు. వాగులోనికి దూకించినవాని ఇరుసు వాగులోనే విరుగును. ఎచ్చట బండిని విడువవలెనో, ఎచ్చట పట్టవలెనో ఎరిగినవాడే గమ్యము చేరును. గంటల కొలది పరుగులో గెలుపు యంత్రమును కాపాడుకొన్నవానిది. స్మిత్ పది సంవత్సరములపాటు చదివిన విద్య ఇది. అతని తరువాతి చరిత్రను అర్థము చేసికొనుటకు మనము దీనిని మరువరాదు.

ఇంతలో ఆస్ట్రేలియాలో మరియొక విధమైన పందెము తలయెత్తెను. 1925 డిసెంబరులో సిడ్నీ సమీపమున మరూబ్రా అనుచోట సిమెంటు కాంక్రీటుతో గుండ్రని పందెపుబాటను ప్రారంభించిరి. దాని మలుపులు గోడలవలె నిలువుగా లేచియుండెను. చోదకుని చేయి ఏమాత్రము తప్పినను బండి ఆ గోడ పైయంచును దాటి ఎగిరిపోవును. 1927 జనవరి 8 వ తేదీన ఫిల్ గార్లిక్ అను ప్రసిద్ధ చోదకుడు అట్లే ఎగిరిపడి మరణించెను. మరుసటి సంవత్సరము మార్చి 31 వ తేదీన విక్టోరియా రాష్ట్రమందలి ఫిలిప్ దీవి మట్టిబాటలపై జరిగిన పందెమునే ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రీ పరంపరలో మొదటిదిగా నేడు లెక్కింతురు. దానిని గెలిచినది చిన్న ఆస్టిన్ సెవెన్ కారు. నడిపినవాడు ఆర్థర్ వెయిట్.

మూడవ విధమైన పందెమునకు బాటయే అక్కరలేదు, సముద్రపుటొడ్డు చాలును. ఆటుసమయమున నీరు వెనుకకు పోగా మిగిలిన తడియిసుక చదునుగా, గట్టిగా, మైళ్లకొలది పరచుకొని యుండును. ఏ ప్రభుత్వమును అంత వెడల్పయిన రహదారిని వేయజాలదు. సిడ్నీకి దక్షిణమున జెరింగాంగ్ దగ్గర ఏడుమైళ్ల తీరమను ఒడ్డు కలదు. 1925 అక్టోబరులో డాన్ హార్క్‌నెస్ అను యువ ఇంజనీరు విమానపుటింజనును కారుచట్రములో బిగించి ఆ యిసుకపై నడిపెను. ఆస్ట్రేలియాలో గంటకు నూరుమైళ్ల వేగమును దాటిన మొదటివాడు ఇతడే. మన కథలో ఇతనికి ముఖ్యమైన పాత్ర కలదు.

ఇప్పుడు మనము ఆస్ట్రేలియానుండి కొంచెము బయటకు చూడవలెను. ఆ కాలమున నేలపై అత్యధికవేగపు రికార్డు ఇంగ్లండు అమెరికా దేశములకు ప్రతిష్ఠావిషయమై యుండెను. దాని నియమము కఠినమైనది. కొలిచిన మైలును ఒకసారి ఇటునుండి, నిర్ణీతకాలములోపల మరల అటునుండి పరుగెత్తి, రెండిటి సగటును తీయవలెను. గాలి వెన్నుతట్టిన ఒక్క పరుగు లెక్కకు రాదు. 1929 లో హెన్రీ సీగ్రేవ్ ఫ్లారిడాలోని డేటోనా తీరమున గంటకు 231 మైళ్ల వేగమును చేరెను. 1931 ఫిబ్రవరి 5 వ తేదీన అదే తీరమున మాల్కమ్ కాంప్‌బెల్ 246 మైళ్లు దాటెను. ఆ వేగమున బండి ఒక్క సెకనులో 360 అడుగులు పోవును. మనము కనురెప్ప వేసి తెరచునంతలో వీధి దాటిపోవును.

ఈ కీర్తి వెలలేనిది కాదు. 1927 మార్చిలో వేల్స్ దేశపు పెండైన్ ఇసుకతీరమున పారీ థామస్ మరణించెను. 1928 ఏప్రిలులో డేటోనా తీరమున ఫ్రాంక్ లాక్‌హార్ట్ అను యువకుడు టైరు పగిలి మరణించెను. అంతకుముందు పరుగులోనే ఆ టైరుకు గాటుపడి యుండెనని చెప్పుదురు. 1929 మార్చిలో అచ్చటనే లీ బైబిల్ అనునతడు మరణించెను; అతని బండి తగిలి ఒక ఛాయాగ్రాహకుడును మరణించెను. స్మిత్ ఈ రంగమున ప్రవేశించుటకు ముందు మూడేండ్లలో జరిగిన సంగతులివి. అవి అతనికి తెలియనివి కావు.

స్మిత్‌ను హార్క్‌నెస్‌ను కలిపిన బండి పేరు 'ఆంజాక్'. మొదటి ప్రపంచయుద్ధమున పోరాడిన ఆస్ట్రేలియా న్యూజిలాండు సేనల పేరది. కాడిలాక్ కారు చట్రముమీద పన్నెండు సిలిండర్ల రోల్స్ రాయిస్ ఈగిల్ విమానపుటింజనును బిగించి హార్క్‌నెస్ దానిని నిర్మించెను. 1929 డిసెంబరులో జెరింగాంగ్ ఇసుకపై స్మిత్ దానిని గంటకు 128 మైళ్ల వేగముతో నడిపి ఆస్ట్రేలియా రికార్డును నెలకొల్పెను. కాని ఆ తీరము చిన్నది. కావున వారు సముద్రము దాటి న్యూజిలాండు తొంబదిమైళ్ల తీరమునకు పోయిరి. పేరు అట్లున్నను ఆ తీరము నిజముగా సుమారు 55 మైళ్ల పొడవే. 1930 జనవరిలో స్మిత్ అచ్చట పదిమైళ్ల దూరమును గంటకు 148 మైళ్లకు మించిన సగటుతో నడిపెను. అది ప్రపంచరికార్డు. చేతిపనివాండ్రు సిడ్నీలో కూర్చిన బండి ప్రపంచమును గెలిచినదని దేశము పొంగిపోయెను.

ఆ పొంగునకు కారణము లేకపోలేదు. ఆనాటి ఆర్థికమాంద్యము ఆస్ట్రేలియాను తీవ్రముగా కుంగదీసెను. 1932 నాటికి కార్మికసంఘముల లెక్కలనుబట్టి నూటికి సుమారు 30 మందికి పని లేదు. ఇట్టి దినములలో ప్రజలకు వీరులు కావలసియుండిరి. క్రికెట్టులో బ్రాడ్‌మన్, ఆకాశమున కింగ్స్‌ఫర్డ్ స్మిత్, గుర్రపుపందెములలో ఫార్ లాప్ అను గుర్రము వారి దుఃఖమును మరపించుచుండిరి. వీరి సరసన నార్మన్ స్మిత్ వచ్చి నిలిచెను. ఇంగ్లండువారి వేగమును ఆస్ట్రేలియావాడు మించవలెనను కోరిక పుట్టెను.

సిడ్నీలో బస్సుల వ్యాపారము నడిపి, 1931 డిసెంబరులో పార్లమెంటునకు ఎన్నికయిన ఫ్రెడరిక్ స్టీవర్ట్ దీనికి ధనసహాయము చేసెను. అతని పేరుమీదుగానే కొత్తబండికి 'ఫ్రెడ్ హెచ్. స్టీవర్ట్ ఎంటర్‌ప్రైజ్' అని పేరిడిరి. హార్క్‌నెస్ కర్మాగారము దానిని నిర్మించెను. ఇంగ్లండునుండి నేపియర్ లయన్ అను ఇంజను వచ్చెను. సీగ్రేవ్ బండికిని కాంప్‌బెల్ బండికిని బలమిచ్చినది ఆ జాతి ఇంజనే. కావున ఇక మిగిలినది బండిని తీసికొనిపోయి నడుపుటయే అని జనులు తలచిరి.

వారు తలచినంత సులభము కాదు. సముద్రపుటొడ్డు కాంక్రీటు కాదు. అది దినమునకు రెండుసార్లు నీట మునుగును, రెండుసార్లు బయటపడును. ప్రతిసారియు మార్పు చెంది బయటపడును. నిన్న చదునుగా నున్న చోట నేడు అలలు చెక్కిన గీరలుండును. ఇసుక మరీ తడిసియున్న నీటిమడుగులు నిలుచును. మరీ ఎండిన చక్రము దిగబడును. ఒక మడుగును మనము కాలినడకన తొక్కిన నీరు చిమ్మును, అంతే. గంటకు రెండువందల మైళ్ల వేగమున వచ్చు చక్రమునకు అదే నీరు గోడవంటిది. దీనికి తోడు ఆ తీరమున తోహెరోవా అను ఒకజాతి గవ్వచేపలు ఇసుకలో నివసించును. వాని చిప్పల యంచు ఒక్కటి చాలును టైరును కోయుటకు. టైరునకు గాటు పడిన ఏమగునో లాక్‌హార్ట్ చరిత్ర చెప్పుచున్నది. సరియైన ఇసుక, సరియైన ఆటు, పగటివెలుగు, గాలిలేని వేళ – ఈ నాలుగును ఒక్కసారి కూడిరావలెను. ఆటు ప్రతిదినము కొంత ఆలస్యముగా జరుగుచు పోవును గనుక, వెలుగున్న వేళ దాటిపోయిన మరల కొన్నిదినములు ఆగవలసినదే.

స్మిత్ ఆగెను. వారములు గడచెను. ఆ సంవత్సరము వాతావరణము అనుకూలముగా లేదు. మన పెద్దలు ఆలస్యము అమృతమును విషము చేయుననిరి. నిదానమే ప్రధానమనియు అనిరి. జనులు మొదటి సామెతను పట్టుకొనిరి. స్మిత్ రెండవదానిని పట్టుకొనెను. దూరమునుండి చూచువారికి కనబడునది బండియు, దాని పక్కన నిలుచున్న మనుష్యుడును మాత్రమే. కాలిక్రింది ఇసుక కనబడదు. పనిలేక పస్తులున్న దేశము తన ఆశను ఒక మనుష్యునిమీద పెట్టినప్పుడు, ఆ మనుష్యుడు ఇంకను సమయము కాలేదని చెప్పిన వినుట కష్టము. కావున నిందించినవారినందరిని దుష్టులని మనము అనరాదు. వారి ఆతురత వారి కష్టమునుండి పుట్టినది.

తుదకు 1932 జనవరి 26 వ తేదీన స్మిత్ పదిమైళ్ల పరుగునకు పూనుకొనెను. ఇసుక తడిగానే యుండెను. అట్టి యిసుకమీదనే అతడు పదిమైళ్లను గంటకు 164 మైళ్లకు మించిన సగటువేగముతో దాటెను. అనగా మూడునిమిషముల నలువది సెకనులలోపల పదిమైళ్లు. తన పాత వేగమును గంటకు పదునైదు మైళ్లకుపైగా మించెను. అదియు ప్రపంచరికార్డే. మైలు రికార్డునందు ఇటొకటి అటొకటి కొన్ని క్షణముల పరుగులు. పదిమైళ్ల రికార్డునందు అన్నినిమిషములు ఎడతెగక అదే వేగమును నిలుపవలెను. దూరబాటలపై యంత్రమును కాపాడుట నేర్చిన చోదకునకు తగిన గెలుపు అది.

కాని దేశము కోరినది అది కాదు. దేశము కోరినది కాంప్‌బెల్ అంకెను మించిన అంకె. ఆ అంకె స్మిత్‌నకు దక్కలేదు. నెలతిరుగకమునుపే, ఫిబ్రవరి 24 వ తేదీన, కాంప్‌బెల్ తన రికార్డును తానే డేటోనాలో దాదాపు 254 మైళ్లకు పెంచెను. అందుకొనవలసిన గట్టు మరింత ఎత్తయ్యెను. సిడ్నీలో పొత్తు చెడెను. స్మిత్‌నకును హార్క్‌నెస్‌నకును మైత్రి తెగెను. నిన్న మాంత్రికుడని పిలిచిన నోళ్లే మంత్రము పారలేదని నవ్వెను. మరునెల మార్చిలో సిడ్నీ నౌకాశ్రయపు వంతెనను తెరచిరి. దేశపు చూపు అటు మరలెను. స్మిత్ మరల ఆ రికార్డునకై పోటీ చేయలేదు. అతడు 1958 లో మరణించెను.

ఇప్పుడు మన ప్రశ్నకు మరల వత్తము. స్మిత్ పిరికివాడా? పిరికివాడు తడియిసుకమీద గంటకు 164 మైళ్ల వేగమున పదిమైళ్లు పోడు. ఆ బండిలో కూర్చుండుటయే పిరికివానికి సాధ్యము కాదు. అయితే అతని నిదానమువలన నష్టము కలుగలేదా? కలిగినది. ధనమిచ్చినవారి ధనము పోయినది, తోడివాని శ్రమ కోరిన ఫలమునీయలేదు, అతని పేరు మాసినది. ఇవి నిజమైన నష్టములే. కాని పారీ థామస్, లాక్‌హార్ట్, లీ బైబిల్ అను వారి పక్కన ఈ నష్టములను పెట్టి తూచిన, త్రాసు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

స్మిత్ ఎదుర్కొన్న చిక్కు అతనితో తీరలేదు. 1963 లో మాల్కమ్ కాంప్‌బెల్ కుమారుడు డానల్డ్ కాంప్‌బెల్ ఇదే రికార్డునకై దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎయిర్ సరస్సునకు వచ్చెను. ఆ ఉప్పుసరస్సు ఏండ్లతరబడి ఎండియుండునది. అతడు వచ్చినప్పుడే వానలు కురిసి అది నీట మునిగెను. అతనిమీదను ఆలస్యపు నింద పడెను. అతడు వేచి, మరుసటి సంవత్సరము తిరిగివచ్చి, 1964 జులై 17 వ తేదీన గంటకు 403 మైళ్ల రికార్డును సాధించెను. కాని 1967 జనవరి 4 వ తేదీన ఇంగ్లండులోని కోనిస్టన్ సరస్సుపై వేగపుపడవను నడుపుచు, మొదటి పరుగున లేచిన అలలు పూర్తిగా అణగకముందే రెండవ పరుగునకు తిరిగెను. ఆ పరుగులోనే మరణించెను. మరణకారణమును గూర్చి నిపుణులలో పలు అభిప్రాయములు కలవు. వేచినవానికి కలిగినదియు, వేచియుండనివానికి కలిగినదియు ఒక్క జీవితముననే మనకు కనబడుచున్నవి.

1935 సెప్టెంబరులో మాల్కమ్ కాంప్‌బెల్ అమెరికాలోని బోన్‌విల్ ఉప్పుబయలునందు గంటకు 301 మైళ్లు దాటిన పిమ్మట, ఈ రికార్డునకై సముద్రపుటొడ్డులను ఆశ్రయించుట ఆగిపోయెను. ఇసుక అంత వేగమును మోయజాలదని అందరును గ్రహించిరి. మూడేండ్లకు ముందు ఆ మాటనే తొంబదిమైళ్ల తీరమున నిలిచి ఒకడు చెప్పియుండెను. వినినవారు తక్కువ.

వీరుల చరిత్రలను మనము సామాన్యముగా వారు చేసిన పనులనుబట్టి వ్రాయుదుము. చేయక మానిన పనులకు చరిత్రలో పుట లేదు. నార్మన్ స్మిత్ బండిని బయటకు తీయని ఆ దినములకు ఏ పట్టికలోను అంకె లేదు. కాని బండి నడుపువాడెవడైనను, అది గంటకు 164 మైళ్లు పోవు యంత్రమైనను, నలుబదిమందితో వాగుదాటు బస్సయినను, నీరు పొర్లుచున్న చోట ఒడ్డుననే నిలిపివేసి, ఎక్కినవారి విసుగును ఓర్చుకొనవలసిన సమయము వచ్చును. అప్పుడతడు ఏ గుణమును చూపునో, స్మిత్ ఆ తీరమున చూపినది ఆ గుణమునే. అతనిని 'మాంత్రికుడు' అని పిలిచినవారు అతని వేగమును చూచి పిలిచిరి. అతని ఆగుటను చూచి అదే పేరుతో పిలిచియున్న, ఆ బిరుదు మరింత సార్థకమై యుండెడిది.